కుట్టు ఆగిన చోట్లు

ఫిబ్రవరి 6

మరదలికి,

నేను బతికే ఉన్నాను, మీరూ అలాగే ఉన్నారనుకుని తిన్నగా సంగతికి వస్తున్నాను. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుంటే కబుర్లు చెప్పే అలవాటు నాకెప్పుడూ లేదు.

పనికోట్లు రెండూ అందాయి. కొలతలు సరిపోయాయి, గుండీలు గట్టిగా ఉన్నాయి. కానీ ఆ పక్క కుట్టు ఎవరు కుట్టారు? నిజం చెప్పు. చంక దగ్గర్నించి అంచుదాకా నా జానతో ఐదు జానల కుట్టు. అందులో నాలుగుచోట్ల ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ఆగిన చోటల్లా రెండు కుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కళ్ళతో చూస్తే తెలియదు, గోరుతో గీస్తే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఈ లాండ్రీలో ఊళ్ళో వాళ్ళ బట్టలన్నీ నా చేతి కిందనించే పోతున్నాయి. ఏ కుట్టు ఎవరిదో నాకు చెప్పక్కర్లేదు.

నాన్న ఏమనేవాడో నీకు తెలియదు, నువ్వప్పటికి మా ఇంటికి రాలేదు. "పక్క కుట్టు ఒక్క ఊపున పోవాలి. ఊపిరి పీల్చుకోవాలంటే ముందే పీల్చుకుని కూర్చో" అనేవాడు. తమ్ముడు ఆ మాట మీదే పెరిగాడు. వాడు ఇలా కుట్టడు. అక్క కోటే కదా, ఏదో ఒకటిలే అని ఎవరి చేతికో ఇచ్చేశాడు. ఇవ్వనీ. నాకేం కోపం లేదు. లేదని రాస్తున్నానంటేనే ఉందని నీకు తెలుసు.

ఫోన్ చెయ్యకు. ఆవిరి మిషన్ల పక్కన నిలబడీ నిలబడీ నా చెవులు ఎప్పుడో పోయాయి. దానికి తోడు నీ గొంతు. పోయినసారి నువ్వు మాట్లాడితే చీమ మెట్లెక్కుతున్నట్టుంది. ఉత్తరం రాయి.

వాడిని ఒక్క ముక్క రాయమను. పెళ్ళాం చేత రాయించుకునే తమ్ముణ్ణి నేను పెంచలేదు.

మీ వదిన


ఫిబ్రవరి 15

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పొద్దున ప్రార్థన అయ్యాక చదివాను. ముందే చదివి ఉంటే మనసు నిలిచేది కాదు.

ఎవరి చేతికీ ఇవ్వలేదండీ. మీ కోట్లు ఆయనే కుట్టారు. బొత్తాల దుకాణం ఆవిడ పెళ్ళి బట్టల పని తెచ్చినా పక్కన పెట్టి, ముందు మీవే కుట్టారు. దారం ఈ మధ్య మంచిది దొరకటం లేదు. కళ్ళు కూడా కొంచెం మసక. అలా ఆగి ఉంటారు.

ఇంతవరకూ రాసి, కాసేపు కలం పక్కన పెట్టాను. దారం మంచిదే వదినా. కళ్ళూ బాగానే ఉన్నాయి. మీకు చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు కనక సగమే చెబుతాను. ఒట్టులో సగం తప్పితే పాపం సగమే ఉంటుందేమో, నాకు తెలియదు.

ఆయనకి కుడి పిక్క పట్టేస్తోంది. మిషను తొక్కుతుంటే జానెడు కుట్టేసరికి పట్టేస్తుంది. ఆపితే కాసేపటికి తగ్గుతుంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే. నడిచినా అదే వరస. మా ఇంటి నుంచి బొత్తాల దుకాణానికి ఎంత దూరమని! మధ్యలో మూడుసార్లు ఆగుతారు. ఊరికే ఆగితే నలుగురూ అడుగుతారని గొడుగుల షాపు ముందు నిలబడి గొడుగులు చూస్తారు. మొన్న ఆ షాపాయన నన్ను పిలిచి, "అమ్మా, మీ ఆయన రెండేళ్ళుగా నల్ల గొడుగు బేరం చేస్తున్నాడు, ఇక కొనిపెట్టెయ్యండి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను.

మందుల షాపాయన మాత్రం కాలి రక్తనాళాలు బాగుండి ఉండవు, పెద్ద డాక్టరుకి చూపించమన్నాడు. ఈయన ఆసుపత్రి మాటెత్తితే లేచి వెళ్ళిపోతారు. మోటారు పెట్టుకోమంటే, "మోటారు కుట్టదు, పరిగెడుతుంది" అంటారు.

మీకు రాశానని ఆయనకి తెలియనివ్వకండి.

మీ మరదలు


ఫిబ్రవరి 24

ఓసి పిచ్చిదానా,

రక్తనాళాల జబ్బా! దీనికా ఇంత గుట్టు, ఇంత ఒట్టు? ఆ జబ్బు నాకు పదకొండేళ్ళుగా ఉంది. రోజంతా నిలబడే వాళ్ళకీ, రోజంతా తొక్కే వాళ్ళకీ రాక ఇంకెవరికి వస్తుంది? నా పిక్కల మీద నీలం నరాలు పందిరి తీగల్లా పాకాయి. మా లాండ్రీలో ఎనిమిదిమందికి ఉంది. సాయంత్రం కాళ్ళు చాపి కూర్చుంటే ఎవరి తీగ ఎంత పాకిందో పోల్చి చూసుకుంటాం.

వేరే పార్సిల్‌లో బిగుతు మేజోళ్ళు పంపుతున్నాను. మోకాలిదాకా వస్తాయి. నా జత కాదు, కొత్తదే. నేను చెప్పినట్టు చెయ్యి. పొద్దున మంచం దిగకముందే తొడగాలి, పడుకునేదాకా తియ్యకూడదు. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిళ్ళు పెట్టి ఎత్తులో ఉంచాలి. బిగుతుగా ఉంటేనే పని చేస్తాయి. మొదట్లో వారం పది రోజులు నొప్పెక్కువ అవుతుంది, నాకూ అయింది. భరించమను. మగవాడు మేజోళ్ళేమిటని సిగ్గుపడితే, పంట్లాం కింద ఎవడు చూడొచ్చాడని అడుగు.

కోటు సంగతి మర్చిపో. ఏదో నోటి దురుసు. నా తమ్ముడి కాలు నొప్పిపెడుతుంటే నేను గోరుతో గీసి తప్పులు వెతికాను. ఈ వారమంతా ఆ కోటే వేసుకున్నాను.

వాడికి చెప్పకుండా ఎలా తొడిగిస్తావు? చెప్పెయ్యి. అక్క పంపిందంటే కాదనడు.

మీ వదిన


మార్చి 9

వదినగారికి,

పార్సిల్ వచ్చింది. మీకు ఎందుకు రాశావని ఆయన ఒక పూట నాతో మాట్లాడలేదు. రెండో పూట మేజోళ్ళు చేతిలోకి తీసుకుని, సాగదీసి, వెలుగులో పెట్టి చూసి, "నేత మంచిది" అన్నారు. అక్కడితో ఒప్పుకున్నట్టే.

మీరు చెప్పినట్టే చేస్తున్నాం. ఆయన పిక్కలు ఈ మధ్య చిక్కిపోయాయి, మేజోళ్ళు కాస్త వదులయ్యాయి. బిగుతుంటేనే పని చేస్తాయని మీరు రాశారు కదా, అది నేను చదివి వినిపించాను. ఆయన వెంటనే మిషను మీద పెట్టి, పక్కన రెండు వేళ్ళ వెడల్పు లోపలికి తీసి కుట్టేశారు. ఇప్పుడు తొడగాలంటే ఇద్దరం పట్టాలి. కుట్టుపనివాడి ఇంట్లో ఏదీ వదులుగా ఉండకూడదంటారు.

ఒక సంగతి మిమ్మల్ని అడగాలి. మీ కాళ్ళ మీద నరాలు ఉబ్బి ఉంటాయని రాశారు. ఆయన కాళ్ళ మీద ఏమీ ఉబ్బలేదు. వెంట్రుకలు కూడా రాలిపోయి నున్నగా, తెల్లగా ఉన్నాయి. తాకితే కుండలో నీళ్ళలా చల్లగా ఉంటుంది. అయినా మీకు తెలిసినంత నాకు తెలియదు. లోపల ఉబ్బాయేమో అనుకున్నాను.

కాలు దిళ్ళ మీద పెడితే నొప్పి ఎక్కువవుతోంది. నేను చూడనప్పుడు దింపేస్తున్నారు. కుర్చీలో కూర్చుని, కాలు వేలాడేసుకుని కునుకు తీస్తే హాయిగా ఉందంటారు. మళ్ళీ నేను తీసి దిళ్ళ మీద పెడుతున్నాను. చిటికెన వేలి పక్కన చిన్న పుండు లేచింది. చెప్పు కరిచిందంటున్నారు.

దేవుడి దగ్గర ఇప్పుడు నేనేమీ పెద్దవి అడగటం లేదు. ఆయన ఒక పూట నిద్రపోతే చాలని అడుగుతున్నాను.

మీ మరదలు


మార్చి 16

అమ్మాయీ,

పనిలో ఉండి నాలుగు ముక్కలే రాస్తున్నాను. నొప్పి వస్తుందని ముందే చెప్పాను కదా. మందు నాలిక్కి తియ్యగా ఉంటే అది మందు కాదు, మిఠాయి. మేజోళ్ళు తియ్యనివ్వకు, కాలు దింపనివ్వకు. నువ్వు మెత్తటిదానివి, వాడు మూలిగితే కరిగిపోతావు. ఒక్క నెల రాయిలా ఉండు.

పుండుకి పసుపో మందో ఏదో ఒకటి రాయి. సిగరెట్లు మానమను. పదహారేళ్ళ వయసులో వాడి జేబులో మొదటి పెట్టె పట్టుకున్నదాన్ని నేనే. అప్పుడు వీపు మీద వేసింది చాలలేదు.

వాడింకా నాకు ఒక్క ముక్కా రాయలేదు. కారణం నాకు తెలుసు. నాన్న పోయినప్పట్నించీ వాడు నాతో కుట్టుతోనే మాట్లాడుతున్నాడు. సరే.

వదిన


ఏప్రిల్ 2

వదినగారికి,

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను, క్షమించండి. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఒడిలో పెట్టుకుని రాయడం వల్ల.

చిటికెన వేలు నల్లబడింది. వాసన వస్తే నాకు అర్థమైంది. ఆ రోజు నేను మొదటిసారి ఆయన మీద గట్టిగా అరిచాను. బొత్తాల దుకాణం ఆవిడ పరిగెత్తుకొచ్చింది, నేను అరవటం వినడం ఆవిడకీ మొదటిసారే. ఆటో పిలిచి ఇద్దరం ఎక్కించాం.

ఇక్కడ డాక్టరమ్మ చిన్నది, ముప్పై రెండు ముప్పై మూడు ఉంటాయేమో. చేతికి కట్టే రక్తపోటు పట్టీని ఆయన చీలమండకి కట్టింది. చేతిలో ఉన్నదానిలో సగం కూడా కాలిలో లేదట. తర్వాత పాదం మీద జిగురులాంటిది రాసి, పెన్నులాంటిది ఒకటి పెట్టి వినిపించింది. ఎడమ కాలి మీద పెడితే రక్తం ఝుం ఝుమ్మని నడుస్తున్న చప్పుడు. కుడి కాలి మీద ఎక్కడ పెట్టినా ఏమీ లేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు వదినా. ఆ నిశ్శబ్దం మీకు ఎలా చెప్పాలో తెలియటం లేదు.

కాలికి రక్తం తెచ్చే గొట్టం తొడలో పూడుకుపోయిందట. సిగరెట్ల వల్లా, చక్కెర జబ్బు వల్లా. చక్కెర ఉందన్న సంగతి కూడా మాకు ఇక్కడే తెలిసింది. కొయ్యకుండా, తొడలో చిన్న రంధ్రం చేసి, తీగ పంపించి, పూడిక తెరవవచ్చట. ఆలస్యమైతే పాదం, ఇంకా ఆలస్యమైతే మోకాలిదాకా తియ్యాల్సి వస్తుందంది.

మేజోళ్ళు ప్రస్తుతానికి వద్దంది. ఎండలు మొదలయ్యాయి కదా.

ఆయన ఒప్పుకోవటం లేదు. కాగితం తెచ్చారు, సంతకం కావాలన్నారు. నర్సమ్మ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పెట్టకు. తీగ అంటారు, లోపలికి తీసుకెళ్ళాక రంపం తీస్తారు. అక్క సంతకం పెట్టిన ఏడాదే నాన్న పోయాడు" అన్నారు. పెళ్ళై ఇరవై తొమ్మిదేళ్ళు, ఆ మాట ఆయన నోట ఇవాళే విన్నాను.

మీతో ఈ మాట అనకూడదు. కానీ నాకు ఇంకెవరున్నారు? పెడితే ఆయన మాట దాటినట్టు, పెట్టకపోతే కాలు పోగొట్టినట్టు. నాలుగు రోజులే గడువిచ్చింది డాక్టరమ్మ. ఏం చెయ్యను?

మీ మరదలు


ఏప్రిల్ 4

అమ్మాయీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. ఇస్త్రీ మీద దుప్పటి మాడ్చాను, ముప్పై ఏళ్ళలో మొదటిది. ఇది రేపటికి చేరే తపాలాలో వేస్తున్నాను. చదివి వాడికి వినిపించు. నీ గొంతుతో కాదు, గట్టిగా చదువు. వార్డులో అందరూ విన్నా ఫరవాలేదు.

ఒరేయ్ తమ్ముడూ. నీకు అప్పుడు పద్నాలుగేళ్ళు. నిన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. లోపల ఏం జరిగిందో నేను నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు అడగలేదు. నాన్న కాలు మోకాలిదాకా నల్లబడింది. డాక్టరు కాగితం నాన్నకే ఇచ్చాడు. ఆయన చేతులు వణికి పెట్టలేకపోయాడు. నన్ను చూసి, "నువ్వు పెట్టమ్మా. చిన్నోడికి చెప్పకు, నేను ఒప్పుకున్నానని తెలిస్తే వాడు భయపడతాడు" అన్నాడు. అందుకని పెట్టాను. నాకు పంతొమ్మిదేళ్ళు. నా పేరు రాయడానికి రెండుసార్లు కలం సిరాలో ముంచాను. నాన్న తర్వాత తొమ్మిది నెలలు బతికాడు. పెట్టకపోతే తొమ్మిది రోజులు.

నువ్వు నన్ను చూసే చూపు ఆ రోజు నుంచి మారింది. తెలిసీ ఊరుకున్నాను. నాన్న చెప్పవద్దన్నాడు. నలభై ఏళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆయన ఏమీ అనుకోడు.

అప్పుడు తీగ లేదురా. ఉన్నది రంపం ఒక్కటే. ఇప్పుడు తీగ పెడతామంటుంటే, రంపం వచ్చేదాకా కూర్చుంటానంటావా? కాలు ఎత్తు. మిషను మీద కాదు, ఆ ఆపరేషన్ బల్ల మీదికి ఎత్తు.

మరదలా, వాడు వినకపోతే నువ్వు పెట్టెయ్యి. వాడు నీతో మాట్లాడకపోతే మానెయ్యనీ. అలవాటవుతుంది. నాకు అలవాటైంది.

వదిన


ఏప్రిల్ 20

వదినగారికి,

అయిపోయింది. ఇంటికి వచ్చాం. నాకు ఒంట్లో ఓపికన్నది లేదు, అయినా ఇవాళ మీకు రాయకుండా పడుకోకూడదనుకున్నాను.

మీ ఉత్తరం గట్టిగానే చదివాను. పక్క మంచం మీది ముసలాయన కూడా విన్నాడు. చదివాక ఈయన చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత, "డాక్టరమ్మని పిలువు, ఆ తీగ ఎలా పోతుందో నాకు అర్థమయ్యేలా చెప్పమను" అన్నారు.

ఆవిడ వచ్చి మంచం మీద కూర్చుంది. బొమ్మ గీసింది. ఈయనకి ఎక్కలేదు. అప్పుడు ఈయనే అడిగారు: "పైజమాలో బొందు తెగి లోపలుండిపోతే, పిన్నీసుకి కొత్త బొందు కట్టి ఒక పక్కనించి తోసుకుంటూ పోతాం. మడత దగ్గర ముడుచుకుపోతే వేలితో సర్ది, మళ్ళీ తోస్తాం. అలాగా?"

డాక్టరమ్మ బొమ్మ పక్కన పెట్టేసింది. "అచ్చం అలాగేనండీ. మీరు గుడ్డ చింపకుండా బొందు ఎక్కిస్తారు, నేను కాలు కొయ్యకుండా తీగ ఎక్కిస్తాను."

"గుడ్డ పాతదైతే పిన్నీసు పక్కకి పొడుచుకుని బయటికొస్తుంది."

"అదే నా భయం కూడా. అందుకే మెల్లగా తోస్తాను. అప్పుడప్పుడు గొట్టం చిరగొచ్చు, మళ్ళీ పూడుకుపోవచ్చు. తప్పకుండా బాగవుతుందని చెప్పను."

ఆ చివరి మాటకే ఒప్పుకున్నారు వదినా. తప్పకుండా బాగవుతుందని చెప్పి ఉంటే లేచి వచ్చేసేవారు. కాగితం నా చేతికిస్తే ఆవిడే అడ్డుపడింది: "ఆయన తెలివిలోనే ఉన్నారుగా, కాలు ఆయనది, సంతకమూ ఆయనదే. మీరు కింద సాక్షిగా పెట్టండి." ఇన్నాళ్ళూ నేను దేనికి భయపడి చచ్చానో, అది నా పనే కాదట. ఈయన నలుగురూ చూస్తుండగా, కొలతల పుస్తకంలో రాసినట్టు గుండ్రంగా పేరు రాశారు.

మత్తు తొడ దగ్గర ఒక్కచోటే ఇచ్చారు. మెలకువగానే ఉన్నారు. ఎడమ తొడలో రంధ్రం చేసి, తీగని పైకి పంపి, పొట్టలో మలుపు తిప్పి, కుడి కాల్లోకి దింపారట. టీవీలాంటి దాంట్లో తన కాల్లో తీగ నడవడం తనే చూశారు. పూడిన చోట సన్నటి బుడగ ఉబ్బించారు. ఒకచోట మళ్ళీ ముడుచుకోకుండా జాలీ గొట్టం వదిలేశారు, స్టెంట్ అంటారట. "కాలరులో బిగువు గుడ్డ పెట్టినట్టు" అని నాకు చెప్పారు.

బయటికి వచ్చాక ఆరు గంటలు కదలకూడదన్నారు. డాక్టరమ్మ ఆ పెన్ను మళ్ళీ పాదం మీద పెట్టింది. మొదట గరగరలాడింది. తర్వాత వచ్చింది చప్పుడు. పూర్తి జోరుగా కాదు, నూనె వెయ్యాల్సిన మిషను తొక్కినట్టు. అయినా వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన గుర్తు రాలేదు. వింటూ నిలబడ్డాను, అంతే.

చిటికెన వేలు మాత్రం దక్కలేదు. రక్తం వచ్చిన ఐదో రోజున తీసేశారు. పాదం నిలిచింది.

సిగరెట్లు మానేశారు. నోరు ఊరుకోక, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క పెదాల మధ్య పెట్టుకుంటున్నారు. మూతంతా తెల్లగా, పెరుగు దొంగలా ఉన్నారు. మిషను ఎప్పుడు తొక్కవచ్చని అడిగితే, పుండు మానాక ఎంత తొక్కితే అంత మంచిదంది డాక్టరమ్మ. రోజూ నడవమంది. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. "ఆగడం తప్పు కాదండీ, ఆగిన చోటే ఉండిపోవడం తప్పు" అంది.

మీ మరదలు


జూన్ 14

మరదలా,

పార్సిల్ అందింది. అడగకుండానే కోటు కుట్టి పంపాడు వాడు. ముందు పక్క కుట్టే చూశాను, నా గోరు ఊరుకోదు. ఐదు జానల్లో ఒక్కచోట ఆగాడు, నడుం దగ్గర. అక్కడే వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను.

కోటు మడతలో మేజోళ్ళు ఉన్నాయి. నీకు తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడో. "అక్క నిలబడి పని చేస్తుంది, ఆమెకి పనికొస్తాయి" అని కాగితం ముక్క మీద రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత నాకు వాడు రాసిన మొదటి ఉత్తరం అది.

లోపలికి తీసిన కుట్టంతా విప్పేసి, నా కొలతకి తెచ్చాడు. దారం పోగు కూడా మిగల్లేదు. కానీ సూది దిగిన చిల్లులు పోవు కదా. పై నుంచి కిందిదాకా చీమల బారులా ఉన్నాయి. ఎంత లోపలికి తీశాడో వేళ్ళతో కొలిచాను. రెండు వేళ్ళు. అంతే లోపలికి పిన్నీసులు పెట్టి, ఆ బిగువులో నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఇస్త్రీ బల్ల తుడిచేలోగా వేళ్ళు తెల్లబడ్డాయి.

ఈ ఊరి ఆసుపత్రి దుప్పట్లు మా లాండ్రీకే వస్తాయి. మూటలు లెక్కచూడ్డానికి వచ్చే నర్సుని ఆపాను. నాకు వినపడదని తను కాగితం మీద రాసింది. దాచుకున్నాను, చూసి రాస్తున్నాను: "కాలికి రక్తం తెచ్చే గొట్టాలు వేరు, తిరిగి తీసుకెళ్ళేవి వేరు. మీకు చెడింది తీసుకెళ్ళేవి, బిగిస్తే మేలు. ఆయనకి పూడింది తెచ్చేవి. వాటిని బిగించి, కాలు ఎత్తిపెడితే వచ్చే ఆ కాస్త రక్తం కూడా రాదు."

ఎండలకి వద్దందా డాక్టరమ్మ?

నువ్వు రాశావు, చల్లగా ఉందని, నరాలు ఉబ్బలేదని, కాలు దింపితే హాయిగా ఉందని. అన్నీ రాశావు. నేను రాయిలా ఉండమన్నాను. ఆ వేలు నేను తీశాను. నాన్న కాలికి సంతకమైనా పెట్టి తీయించాను, దీనికి అదీ లేదు, తపాలాలో పంపించాను.

నువ్వు నా మీద అరిచినా బాగుండేది. నీ మంచితనం నాకు చాలా బరువుగా ఉంది.

జూలై మూడున సెలవు పెట్టాను. పదింటి బస్సుకి దిగుతాను. వాడి మొహం చూసి చెప్పాలి. అందాకా ఎవరికీ ఏమీ చెప్పకు.

వదిన


జూన్ 22

వదినగారికి,

మేజోళ్ళు పార్సిల్‌లో ఉన్నాయని నాకు తెలియదు. తెలిస్తే తీసేసేదాన్ని. ఎండలకి అన్న ముక్క మీకు రాసిన రోజు నుంచీ ప్రార్థనకి కూర్చుంటే అదే అడ్డొస్తోంది. డాక్టరమ్మ, "ఇవి ఎవరు తొడగమన్నారు?" అని అడిగింది. మేమే దుకాణంలో కొన్నామన్నాను. నోటితో ఒక అబద్ధం, చేత్తో ఒక అబద్ధం.

ఆవిడ ఇంకో మాట కూడా అంది. మేజోళ్ళు వేసుకోకపోయినా ఆ కాలు ఇంకో ఏడాది నిలిచేది కాదని. మిమ్మల్ని ఊరడించడానికి రాయటం లేదు. ఇక మీకు అబద్ధం రాయనని దేవుడి ముందు అనుకున్నాను. వేలు ఆ మేజోళ్ళ వల్ల తొందరగా పోయింది. అదీ నిజమే. వేలు నల్లబడబట్టి ఆయన ఆసుపత్రి గడప తొక్కారు. అదీ నిజమే. ఏది ఎంతో నాకు తెలియదు.

మీరొక్కరే మోయవద్దు. రెండేళ్ళుగా పొద్దున్నే ఆ పాదం నా కాలికి తగిలితే చల్లగా ఉండేది. నేను నా పాదం వెనక్కి తీసుకుని దుప్పటి కప్పేదాన్ని. దిళ్ళ మీద పెట్టింది నేను. రాయిలా ఉండమన్నది మీరైతే, ఉన్నది నేను.

ఎవరికీ చెప్పవద్దన్నారు. చెప్పేశాను, ఇక ఏదీ దాచమని నాకు చెప్పకండి. మీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివారు. నోట్లోని సుద్దముక్క తీసి, "మేజోళ్ళు బిగించింది నేను. అక్క సరైన కొలతకే పంపింది" అన్నారు. అని మళ్ళీ సుద్ద నోట్లో పెట్టుకున్నారు. అంతలోనే తీసి, "చిల్లులు చూస్తుందని నాకు తెలుసు. నా నోటితో చెప్పలేక పంపాను" అన్నారు. అది తప్పో ఒప్పో మీరిద్దరూ తేల్చుకోండి. నేను అలిసిపోయాను.

మూడో తేదీ ఆటో తీసుకుని నేను వస్తానంటే ఒప్పుకోవటం లేదు. బస్సు దగ్గరికి తనే నడిచి వస్తారట. నేను వెనక ఉంటాను.

బస్సు దిగే చోటు నుంచి చూస్తే మా వీధి మలుపు కనిపిస్తుంది. ఆయన అక్కడ ఒకసారి ఆగుతారు. గొడుగుల షాపు ముందు ఇంకోసారి ఆగుతారు. ఇప్పుడు గొడుగులవైపు చూడరు, రోడ్డువైపు తిరిగే నిలబడతారు. అది చూసి మీరు పరిగెత్తుకు రాకండి. పిలవకండి కూడా. సంచీ కింద పెట్టుకుని అక్కడే నిలబడండి.

ఆగినా వస్తారు.

మీ మరదలు